జర్మనీలో అమెరికా సరదాలు: ఎన్‌ఎఫ్‌ఎల్, బాస్కెట్‌బాల్, జాజ్... మొదట దేనికి వెళ్లాలి?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లోకల్ రైలెక్కి అరగంట ఉత్తరానికి వెళ్తే ఫ్రీడ్‌బెర్గ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ కొన్ని చోట్ల రోడ్డు దాటే సిగ్నల్లో మామూలు మనిషి బొమ్మ ఉండదు. ఎరుపు పడితే మైకు ముందు నిలబడ్డ ఎల్విస్ ప్రెస్లీ, పచ్చ పడితే నడుం తిప్పుతున్న ఎల్విస్. 1958 అక్టోబర్ నుంచి 1960 మార్చి దాకా ఆయన ఆ ఊరి అమెరికా సైనిక శిబిరంలో పనిచేశాడు. ఏడాదిన్నర కూడా కాదు. ఆ మాత్రానికే అరవై ఏళ్ల తర్వాత ఊరు సిగ్నల్ బొమ్మలు మార్చుకుంది. మొదటిసారి చూసినప్పుడు పచ్చ పడినా దాటకుండా ఫొటో తీసుకుంటూ నిలబడిపోయాను. వెనక నుంచి ఒక పెద్దావిడ "ముందు దాటు బాబూ, ఆయన మళ్లీ వస్తాడులే" అన్న అర్థంలో ఏదో అని నవ్వింది.

జర్మన్లకు అమెరికా రాజకీయాల మీద వంద ఫిర్యాదులుంటాయి. అమెరికా పాట, అమెరికా ఆట అనేసరికి మాత్రం అవన్నీ పక్కన పెట్టేస్తారు. ఇక్కడికి చదువుకో ఉద్యోగానికో వచ్చే మనవాళ్లకు ఇది కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. జర్మనీ అంటే మనకు బుండెస్‌లీగా, బీరు, బీఎండబ్ల్యూ. తీరా ఆఫీసులో చేరాక సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర నడిచే కబుర్లు కాన్సాస్ సిటీ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి.

ప్రతి సెప్టెంబర్లో నాకు ఒకే రకం మెసేజ్ వస్తుంది. "అన్నా, ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ ఇక్కడ జరుగుతుందట కదా, పోదామా?" ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్, మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. మెసేజ్ పంపేది కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన పిల్లలు. చేతిలో బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే కట్టి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) డబ్బులు, నెలకు ఖాళీ ఉండేది ఒకటో రెండో వీకెండ్లు. వాళ్లకి నేను చెప్పే జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నా జవాబు ఎన్‌ఎఫ్‌ఎల్ కాదు.

పెద్ద పండగ: ఎన్‌ఎఫ్‌ఎల్

2022 నవంబర్ 13న మ్యూనిక్ అలియాంజ్ అరేనాలో టాంపా బే, సియాటిల్ జట్లు ఆడాయి. జర్మనీలో జరిగిన మొదటి రెగ్యులర్ సీజన్ (అంటే లీగ్ లెక్కలోకి వచ్చే) మ్యాచ్ అది. ఈ ఆటలో పెద్ద పేరున్న టామ్ బ్రేడీ టాంపాకు ఆడాడు, టాంపా 21-16తో గెలిచింది. స్టేడియంలో 69,811 మంది. టికెట్లు 30 లక్షలు ఉన్నా అమ్ముడైపోయేవని నిర్వాహకులే చెప్పారు. ఆట చివర్లో వెస్ట్ వర్జీనియా మీద రాసిన అమెరికా పాట "కంట్రీ రోడ్స్" పెట్టారు. పాట ఆపేసినా జనం ఆపలేదు. ఆట నడుస్తుండగా స్టేడియం మొత్తం పాడుతూనే ఉంది. అమెరికా వాళ్లు ఆ వీడియో చూసి ఆశ్చర్యపోయారు గానీ, ఇక్కడ ఉన్నవాళ్లకి అది వింత కాదు. ఆక్టోబర్‌ఫెస్ట్ టెంట్లలో ఏళ్ల తరబడి బల్లలెక్కి పాడే పాటే అది. వెస్ట్ వర్జీనియా ఎక్కడుందో మ్యాప్‌లో చూపించలేని వాడు కూడా ఆ ఊరికి తీసుకెళ్లమని గొంతు చించుకుంటాడు.

తర్వాత 2023లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వారం తేడాతో రెండు మ్యాచ్‌లు, 2024లో మళ్లీ మ్యూనిక్, 2025లో బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం. అంటే ఇది ఏటా వచ్చే పండగే. వెళ్లాలా అంటే, అసలు ధరకు టికెట్ దొరికితే కళ్లు మూసుకుని వెళ్లండి. 32 జట్ల జెర్సీలూ ఒకే గ్యాలరీలో కనిపిస్తాయి. ఆడుతున్నది ఏ రెండు జట్లయినా సరే, ఎవడి అభిమాన జట్టు చొక్కా వాడిది. ఉప్పల్‌లో హైదరాబాద్, చెన్నై జట్లు ఆడుతుంటే సగం మంది ముంబై, పంజాబ్, కోల్‌కతా జెర్సీల్లో వచ్చి కూర్చున్నట్టు ఊహించుకోండి.

అసలు ధరకు దొరకడమే కష్టం. ఆన్‌లైన్ క్యూలో మీ ముందు లక్షల మంది ఉంటారు. అప్పుడు కళ్లు రీసేల్ సైట్ల మీదకు పోతాయి. నా రూమ్మేట్ అలాగే ఒక సైట్లో 400 యూరోలకు పైగా పెట్టి కొన్నాడు. గేటు దగ్గర స్కానర్ ఎర్రగా వెలిగింది. ఆ టికెట్ మీద అప్పటికే ఎవరో లోపలికి వెళ్లిపోయారు. వాడు నాలుగు గంటలు స్టేడియం బయట అరుపులు వింటూ తిరిగి, రాత్రి రైల్లో వెనక్కి వచ్చాడు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అందుకే అధికారికంగా లీగ్ చెప్పిన చోట తప్ప ఎక్కడా కొనొద్దు అని నా మాట. దొరకలేదంటే వదిలేయండి.

ఇంకో సంగతి. ఆట గడియారం 60 నిమిషాలే అయినా మొత్తం మూడు గంటలు పడుతుంది. బంతి నిజంగా కదిలేది అందులో పది పన్నెండు నిమిషాలు. మిగతాదంతా గుమిగూడటం, లేవటం, రివ్యూ చూడటం, టీవీ ప్రకటనల కోసం ఆపటం. ఇంట్లో కూర్చున్నవాడికి ప్రకటనలు, స్టేడియంలో ఉన్నవాడికి నవంబర్ చలి. రూల్స్ తెలియకుండా వెళ్తే మొదటి గంటలోనే మీరు ఫోన్ తీస్తారు.

నా ఓటు పడేది ఇక్కడ: ఊరి జట్టు

రూల్స్ నేర్చుకోవాలన్నా, జర్మన్లకు ఈ ఆట మీద పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలన్నా జీఎఫ్‌ఎల్ మ్యాచ్‌కి వెళ్లండి. జర్మన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బుల లీగ్. సీజన్ వసంతం చివర మొదలై అక్టోబర్ దాకా ఉంటుంది, కాబట్టి చలి బాధ లేదు. టికెట్ చాలా చోట్ల 20 యూరోలకు అటూ ఇటూ.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఇక్కడ దశాబ్దాల పాటు ఉంది, ఇప్పటికీ 30 వేల పైచిలుకు సైనికులు ఉన్నారు. గోథే యూనివర్సిటీలో చదివే మన పిల్లలు క్లాసులకు వెళ్లే ఐజీ ఫార్బెన్ భవనం ఒకప్పుడు ఆ సైన్యం ముఖ్య కార్యాలయమే. సైనికులతో పాటు రేడియో స్టేషన్ వచ్చింది, జూక్‌బాక్స్ వచ్చింది, శిబిరం కంచె అవతల ఆడుకునే ఆటలూ వచ్చాయి. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లోవెన్ అనే మొదటి క్లబ్ పుట్టింది. 1979లో లీగ్ మొదలైంది. తొలి ఫైనల్లో ఆ జట్టే అన్స్‌బాఖ్ గ్రిజ్లీస్‌ను ఓడించింది. అన్స్‌బాఖ్ కూడా అమెరికా శిబిరం ఉన్న ఊరే.

తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ తనే యూరప్‌లో ఒక లీగ్ పెట్టి, నష్టాలు భరించలేక 2007లో మూసేసింది. చివరి సీజన్లో ఉన్న ఆరు జట్లలో ఐదు జర్మనీవే. అంటే మిగతా యూరప్ వదిలేసినా వీళ్లు వదల్లేదు. పెద్ద లీగ్ పోయినా ఊరి క్లబ్బులు మాత్రం ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

నా మొదటి మ్యాచ్ ష్వేబిష్ హాల్‌లో. 40 వేల జనాభా ఉండే పాత ఊరు, మధ్యయుగపు ఇళ్లు, చర్చి ముందు పెద్ద రాతిమెట్లు. ఆ ఊరి జట్టు యూనికార్న్స్ ఐదుసార్లు దేశపు ఛాంపియన్ అయింది. గేటు దగ్గర టికెట్ చింపింది ఒక ఆటగాడి తల్లి. గ్రిల్ మీద బ్రాట్‌వుర్స్ట్ తిప్పుతున్నాయన భుజం మీద పాత జెర్సీ, దాని మీద అరిగిపోయిన నంబరు. నేను మాంసం తిననంటే బ్రెడ్‌లో ఉల్లిపాయలూ ఆవాల సాసూ పెట్టి ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. పక్కన కూర్చున్న తాతగారికి నాకు రూల్స్ తెలియవని అర్థమైపోయింది. ఇక ఆయన నోరు ఆగలేదు.

ఆయన చెప్పింది మనకు పనికొచ్చేలా చెప్తాను. కబడ్డీలో బోనస్ లైన్ ఉంటుంది కదా. ఇక్కడ పది గజాల దూరంలో అలాంటి గీత ఉందనుకోండి. దాన్ని చేరడానికి జట్టుకు నాలుగు అవకాశాలు, ఒక్కో అవకాశం క్రికెట్లో ఒక బంతి లాంటిది. నాలుగులోపు గీత దాటితే మళ్లీ కొత్తగా నాలుగు. దాటకపోతే బంతి అవతలి వాళ్లది. అంతే, మిగతాదంతా దీని చుట్టూ అల్లిన తెలివితేటలు. బంతి గీతకు చేరిందా లేదా అనుమానం వస్తే, ఇద్దరు మనుషులు కర్రలకు కట్టిన గొలుసు పట్టుకుని మైదానంలోకి పరిగెత్తుకొచ్చి చాచి కొలుస్తారు. స్క్రూ కూడా మిల్లీమీటర్లలో కొలిచే దేశంలో జనమంతా లేచి నిలబడి గజాలు లెక్కపెట్టడం చూసి నాకు నవ్వాగలేదు. గీత దాటారని "ఫస్ట్ డౌన్" అంటూ అనౌన్సర్ అరవగానే ఊరంతా ఒకే చేత్తో ముందుకు చూపిస్తుంది. చర్చిలో ఎంత క్రమంగా లేచి కూర్చుంటారో అంత క్రమంగా.

ఆట స్థాయి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి దరిదాపుల్లో కూడా ఉండదు, అది నిజం. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) సాధారణంగా అమెరికా కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు, అతని ముందు కాపు కాసేది ఇక్కడి ఎలక్ట్రీషియన్లూ టీచర్లూ. ఆటలో నాలుగో వంతైన క్వార్టర్ కూడా పదిహేను నిమిషాలకు బదులు పన్నెండే. కానీ మైదానం అంచున నిలబడి చూస్తారు కాబట్టి ఢీకొన్న చప్పుడు గుండెలో వినిపిస్తుంది. అలియాంజ్ అరేనా పై అంతస్తులో ఇది దొరకదు.

ఈ రెండు స్థాయిల మధ్యలో 2021లో యూరోపియన్ లీగ్ ఒకటి మొదలైంది. ఫ్రాంక్‌ఫర్ట్ గెలాక్సీ, రైన్ ఫైర్ లాంటి పాత పేర్లను మళ్లీ బతికించింది, షో బాగా చేసింది. అయితే 2025లో కొన్ని క్లబ్బులు దాన్నుంచి బయటికి వచ్చేయడంతో గందరగోళమైంది. సీజన్ టికెట్ జోలికి పోకుండా, మీ ఊరి జట్టు ఈ ఏడాది ఏ లీగ్‌లో ఆడుతుందో చూసుకుని ఒక్క మ్యాచ్‌కి కొనండి.

పిల్లలతో వెళ్తున్నారా? బాస్కెట్‌బాల్

అమ్మానాన్న హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి ఉన్నారు, పిల్లలున్నారు, బయట మైనస్ రెండు డిగ్రీలు. అప్పుడు ఇంకో ఆలోచన వద్దు. హాల్ వెచ్చగా ఉంటుంది, రెండు గంటల్లో అయిపోతుంది, రూల్స్ చెప్పాల్సిన పనే లేదు. బంతి బుట్టలో పడితే చప్పట్లు.

ఇక్కడి బాస్కెట్‌బాల్ అంటే ముందు చెప్పుకోవాల్సింది డిర్క్ నోవిట్స్కీ గురించి. వ్యూర్జ్‌బుర్గ్ కుర్రాడు, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డల్లాస్ జట్టు ఒక్కదానికే 21 సీజన్లు ఆడాడు. 2007లో లీగ్ ఉత్తమ ఆటగాడు, 2011లో ఛాంపియన్. ఆయన్ని చూసి పెరిగిన తరం 2023లో మనీలాలో ప్రపంచకప్ గెలిచింది, 2025లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ కూడా. రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడు బ్రౌన్‌ష్వైగ్‌కు చెందిన డెన్నిస్ ష్రోడర్. 2026 జనవరిలో ఎన్‌బీఏ మొదటిసారి జర్మనీలో రెగ్యులర్ సీజన్ మ్యాచ్ పెట్టింది. జర్మన్ ఆటగాళ్లు వాగ్నర్ సోదరుల జట్టు ఒర్లాండో, వాళ్ల సొంతూరు బెర్లిన్‌కు వచ్చి మెంఫిస్‌తో ఆడింది. దానికీ టికెట్ల కథ ఎన్‌ఎఫ్‌ఎల్ కథే.

మనకు అందుబాటులో ఉన్నది ఇక్కడి బాస్కెట్‌బాల్ బుండెస్‌లీగా. బెర్లిన్‌లో ఆల్బా, మ్యూనిక్‌లో బాయర్న్. చిన్న ఊళ్లే కావాలంటే బాంబెర్గ్, ఉల్మ్. ఉల్మ్ 2023లో అందర్నీ కాదని టైటిల్ కొట్టింది. పన్నెండు మంది జట్టులో కనీసం ఆరుగురు జర్మన్లు ఉండాలన్నది రూలు, మిగతావాళ్లలో అమెరికన్లే ఎక్కువ. ఆట అమెరికాదే అయినా గ్యాలరీ మాత్రం పూర్తిగా జర్మన్. డప్పులు, కండువాలు, నలభై నిమిషాలూ ఆగని పాటలు. ఛీర్‌లీడర్లను చూడటానికని వెళ్లేవాళ్లుంటే బెర్లిన్‌లో నిరాశే, ఇది కాలానికి తగినది కాదని ఆల్బా 2019లోనే ఆపేసింది. మా అమ్మకు బాగా నచ్చింది డప్పు. "మన బోనాలకి తగ్గలేదు" అంది, అదీ చెవుల్లో దూది పెట్టుకుని.

చెవులున్నవాళ్లకు: సెల్లార్, నది, ఎల్విస్

ఆటలంటే ఆసక్తి లేనివాళ్లు ఇక్కడికి నేరుగా వచ్చి ఉంటారు. మీకు నా సలహా జాజ్ సెల్లార్. కర్ణాటక సంగీతం కాస్త విన్న చెవి ఉంటే ఇంకా మంచిది. కీర్తన పాడి, స్వరకల్పనలోకి దిగి, మృదంగానికి తని ఆవర్తనం వదిలి మళ్లీ పల్లవికి వచ్చినట్టే, వీళ్లూ ఒక బాణీ వాయించి, తలా కాసేపు మనోధర్మంతో విహరించి మళ్లీ బాణీకి వస్తారు. ఒక్కొక్కరి వంతు అయ్యాక చప్పట్లు కొట్టాలి. మనం కచేరీలో "భళా" అన్నట్టే.

ఫ్రాంక్‌ఫర్ట్ జాజ్‌కెల్లర్ 1952లో కార్లో బోలెండర్ అనే ట్రంపెట్ వాద్యకారుడు మొదలుపెట్టింది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు, సందులో ఒక తలుపు. మెట్లు దిగుతుంటే తల వంచాలి. లోపల ఇటుకల కమాను, చేతికి అందేంత దగ్గరలో వాద్యకారులు, ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. సాక్సోఫోన్ వాయించేవాడు ఊపిరి పీల్చడం కూడా వినబడుతుంది. నాజీల కాలంలో ఈ సంగీతం మీద వేటు పడింది, వింటే జైలుకు పంపిన సందర్భాలున్నాయి. యుద్ధం అయ్యాక ఇక్కడి కుర్రాళ్లకు దీన్ని బాహాటంగా వాయించడమే స్వేచ్ఛ. జాజ్ చరిత్రలో పేరున్న బ్లూ నోట్ రికార్డ్ కంపెనీని న్యూయార్క్‌లో 1939లో స్థాపించిన ఆల్ఫ్రెడ్ లయన్ బెర్లిన్ నుంచి పారిపోయిన యూదుడు. ఆయనతో చేరిన ఫ్రాన్సిస్ వోల్ఫ్ కూడా బెర్లిన్ వాడే. అమెరికా సంగీతాన్ని అమెరికాకే అందంగా చూపించిన జర్మన్లు.

క్లబ్బులో టికెట్ సాధారణంగా 15 నుంచి 30 యూరోలు. డబ్బు తక్కువుంటే జామ్ సెషన్ రాత్రి ఎప్పుడో చూడండి, చాలా క్లబ్బుల్లో అది ఉచితం, లేదా దాదాపు ఉచితం. మ్యూనిక్‌లో ఉంటర్‌ఫార్ట్, బెర్లిన్‌లో ఆ-ట్రేన్ కూడా ఇలాంటివే. కూర్చోడానికి చోటు కావాలంటే అరగంట ముందే వెళ్లాలి. మధ్యలో మాట్లాడితే జర్మన్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ చూపు చాలు.

మెట్లు దిగి చీకట్లో కూర్చోవడం నా వల్ల కాదు అంటే మేలో డ్రెస్డెన్ వెళ్లండి. డిక్సీలాండ్ (పాతకాలపు జాజ్) ఫెస్టివల్ 1971లో, అదీ కమ్యూనిస్టు ప్రభుత్వం కింద మొదలైంది. అధికారికంగా అమెరికా శత్రు దేశమే అయినా, అక్కడి అణగారిన నల్లవాళ్ల సంగీతం కాబట్టి సరే అని ఒప్పుకున్న విచిత్ర కాలం. అంతకు ముందే 1965లో అమెరికా జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తూర్పు జర్మనీలో కచేరీలు చేశాడు. 1988లో అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ను చూడటానికి తూర్పు బెర్లిన్‌లో లక్షన్నర మందికి పైగా వచ్చారు, మరుసటి ఏడాదే బెర్లిన్ గోడ పడింది. ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఆ వారం వీధుల్లో బ్యాండ్లు ఉచితంగానే వాయిస్తాయి, ఎల్బే నది మీద పాత ఆవిరి పడవల్లో ఊరేగింపు ఉంటుంది. పిల్లలకూ పెద్దలకూ సరిపోయే కచేరీ జర్మనీ మొత్తంలో నాకు తెలిసి ఇదే.

ఆగస్టులో అయితే ఫ్రీడ్‌బెర్గ్ పక్క స్టేషన్ బాడ్ నౌహైమ్. ఎల్విస్ సైన్యంలో ఉన్నప్పుడు అద్దెకున్న ఊరు అది, ఆయన పేరిట ఏటా ఫెస్టివల్ చేస్తారు. గుండ్రటి గౌన్లు, జెల్ పెట్టి దువ్విన జుట్టు, పొడవాటి తోకల కార్లు. డెబ్బై ఏళ్ల దంపతులు రాక్ అండ్ రోల్ అడుగులు ఒక్కటీ తప్పకుండా వేస్తారు. మన ఎన్టీఆర్, ఏఎన్నార్ పాటల అభిమానులకు ఆ వాతావరణం వెంటనే అర్థమవుతుంది. ఒక సాయంత్రానికి చాలు, మూడు రోజులు అక్కర్లేదు.

బేస్‌బాల్ గురించి రెండు ముక్కలు. రేగెన్స్‌బుర్గ్‌లో మంచి స్టేడియం ఉంది, టికెట్ చవక, ఎండలో గడ్డి మీద కూర్చోవచ్చు. కానీ క్రికెట్ చూసిన కంటికి ఇందులో ఏదో తక్కువైనట్టు ఉంటుంది. నేను ఒకసారి వెళ్లాను, అది చాలు.

ఇంట్లోంచి చూసేవాళ్లకు

ఎన్‌ఎఫ్‌ఎల్ ఇక్కడ ఇంతగా పాతుకుపోవడానికి గడియారం కూడా కారణం. అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం ఆడే మ్యాచ్ ఇక్కడ సాయంత్రం ఏడింటికి వస్తుంది. ఆదివారం షాపులు మూసి ఉంటాయి, బయట చీకటి, చేయడానికి పనిలేదు. 2023 నుంచి ఆర్‌టీఎల్ ఛానెల్లో ఉచితంగా చూపిస్తున్నారు. ఎన్‌బీఏ మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రి ఒంటిగంట తర్వాతే, అందుకే అవి పొద్దున హైలైట్స్‌గానే చూస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఫిబ్రవరిలో ఆదివారం రాత్రి పన్నెండున్నరకు. సహోద్యోగి ఇంటికి పిలిస్తే వెళ్లండి, సోమవారం సెలవు ముందే పెట్టండి. పులిహోర ఒక డబ్బా పట్టుకెళ్తే నాచోస్ కంటే ముందు అయిపోతుంది, ఇది నా అనుభవం.

బయటికి వెళ్లేటప్పుడు మూడు సంగతులు. ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగ్‌ను దాదాపు ఏ స్టేడియంలోకీ రానివ్వరు, ల్యాప్‌టాప్ బ్యాగుతో నేరుగా ఆఫీసు నుంచి వెళ్లొద్దు. కూల్‌డ్రింక్ కప్పుకు డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగిచ్చి తీసుకోండి, పారేయకండి. టికెట్ మీద ఆ ఊరి బస్సు, ట్రామ్ ప్రయాణం కలిసి ఉందేమో చూసుకోండి, చాలా చోట్ల ఉంటుంది. నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే పైన చెప్పిన ఊళ్లన్నీ లోకల్ రైళ్లలోనే చుట్టేయొచ్చు, ఓపిక కావాలంతే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డ్రెస్డెన్‌కు అలా వెళ్తే దాదాపు రోజంతా రైళ్లు మారుతూనే ఉండాలి.

పోయిన మేలో నాకు ఒకే శనివారం ష్వేబిష్ హాల్ మ్యాచ్, డ్రెస్డెన్ పడవలు రెండూ వచ్చి పడ్డాయి. డ్రెస్డెన్‌కే వెళ్లాను. రైల్లో ఫోన్ తీసి చూస్తే యూనికార్న్స్ స్కోరు పంపుతూ ఉన్నది ఆ తాతగారే.